రాజు గారికి చోటు చాల్లేదు

డీబీఎంఎస్ ల్యాబ్‌లో ఒక్క సెమిస్టర్ కూర్చున్న ఎవరికైనా ఆ పద్నాలుగు మంది తెలుసు. స్మిత్, అలెన్, వార్డ్, జోన్స్ దగ్గర మొదలై మిల్లర్ దాకా. ఒరాకిల్ నేర్చుకునేవాళ్ళ కోసం ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న "ఎంప్" టేబుల్‌లోని ఉద్యోగులు వీళ్ళు. వీళ్ళకి పెద్ద కింగ్. హోదా ప్రెసిడెంట్, జీతం 5000. మన సీనియర్ల సీనియర్లు కూడా ఈయన జీతం మీద క్వెరీలు రాసే పాసయ్యారు. ఆ టేబుల్ ఉండే అకౌంట్ పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ అంటే ఒరాకిల్ కంపెనీ తొలి రోజుల్లో పనిచేసిన బ్రూస్ స్కాట్. టైగర్ అంటే వాళ్ళ పిల్లి. వైవాలో ఇది అడగరు గానీ, తెలుసుకుంటే బాగుంటుంది.

ఆ టేబుల్‌లో పేరు రాసే కాలమ్ సైజు పది. వార్‌చార్2, బ్రాకెట్లో 10. ఇప్పుడు ఒక చిన్న పని చేసి చూడండి. కింగ్ అని ఉన్న చోట తెలుగులో "రాజు" అని పెట్టి అప్‌డేట్ కొట్టండి. రెండే అక్షరాలు. పదిలో పట్టవా? పట్టవు. ఇప్పటి ఒరాకిల్‌ని మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లో ఓరా-12899 అనే ఎర్రర్ వస్తుంది. దాని సారాంశం ఇది: ఇచ్చిన విలువ కాలమ్‌లో పట్టడం లేదు, ఉన్నది 12, ఉండాల్సింది గరిష్ఠంగా 10.

రెండక్షరాల రాజు గారు పన్నెండు ఎలా అయ్యారు? ఈ ప్రశ్న నాకు మన క్లబ్బు లైబ్రరీ పనిలో ఎదురైంది. పైథాన్‌ని ఒరాకిల్‌కి కలపడం అనే మామూలు ల్యాబ్ పనికి, మన ఇళ్ళలోని పేర్లకి ఉన్న సంబంధం కూడా అక్కడే తెలిసింది.

ముందు ఆ పని ఏమిటో చెప్తాను. మన క్లబ్బు బీరువాలో నాలుగు వందల పైచిలుకు పుస్తకాలున్నాయి. వాటికి చేత్తో రాసిన ఒక రిజిస్టర్ ఉంది. దాన్ని ఎప్పుడో ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్సెల్ షీట్‌గా మార్చారు. ఆ షీట్‌లో పుస్తకం వెతకడం ఒక సాహసం. కే, ఏ, ఎల్, ఏ అని కొడితే అది కలా, కళా? పీ, ఏ, ఏ, టీ, ఏ అంటే పాటా, పాతదా? వీ, ఏ, ఎన్, ఏ అంటే వానా, వనమా? ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొట్టారు. ఒకరు దీర్ఘానికి రెండు ఏలు పెట్టారు, ఇంకొకరు ఒకటే పెట్టారు. పుస్తకం బీరువాలో ఉంటుంది, షీట్‌లో దొరకదు. దొరకని పుస్తకం లేనట్టే కదా. అందుకే ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుగా, పేర్లన్నీ తెలుగులోనే ఉండేలా ఒక ప్రోగ్రాం రాస్తానని నేను తీసుకున్నాను. డేటాబేస్ ఒరాకిల్, ఎందుకంటే మన ల్యాబ్‌లో ఉన్నది అదే. ప్రోగ్రాం పైథాన్‌లో, ఎందుకంటే నాకు బాగా వచ్చింది అదే.

ఇక్కడ సీఎస్ కాని మిత్రుల కోసం రెండు మాటలు. డేటాని టేబుల్స్‌గా, అంటే వరుసలూ కాలమ్‌లూగా పెట్టుకుని, వాటి మధ్య సంబంధాలతో పని నడిపించవచ్చని ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ 1970లో ఒక పేపర్ రాశాడు. దాన్నే రిలేషనల్ మోడల్ అంటాం. ఆ ఆలోచనని అమ్మే సరుకుగా చేయడానికి ల్యారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ 1977లో ఒక కంపెనీ పెట్టారు. అదే తర్వాత ఒరాకిల్ అయింది. 1979లో వాళ్ళు మొదట అమ్మిన దానికి పెట్టిన పేరు వెర్షన్ 2. వెర్షన్ 1 అంటే కొనేవాళ్ళు జంకుతారని అలా పెట్టారంటారు. పైథాన్ చాలా తర్వాతది, 1991లో గీడో వాన్ రోసమ్ బయటపెట్టాడు. అంటే ఈ ఇద్దరూ ఒక ఇంట్లో పుట్టినవాళ్ళు కాదు. పైథాన్‌కి ఒరాకిల్ తెలియదు, ఒరాకిల్‌కి పైథాన్ తెలియదు. ఒరాకిల్‌కి అర్థమయ్యేది ఎస్‌క్యూఎల్. అది కూడా తన సొంత పద్ధతిలో నెట్‌వర్క్ మీద వస్తేనే.

మరి వీళ్ళని ఎవరు కలుపుతారు? డ్రైవర్. బండి డ్రైవర్ కాదు, దుబాసీ అనుకోండి. ఇటు చెప్పింది అటు, అటు చెప్పింది ఇటు చేరవేసే మనిషి. పైథాన్ వైపు నుంచి చాలా ఏళ్ళు ఈ పని చేసిన లైబ్రరీ పేరు సీఎక్స్ ఒరాకిల్. అది పనిచేయాలంటే మన సిస్టమ్‌లో ఒరాకిల్ వాళ్ళ క్లయింట్ సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. 2022లో దానికి కొత్త రూపం వచ్చింది, పేరు పైథాన్ ఒరాకిల్‌డీబీ. ఇందులో "థిన్" అనే పద్ధతి ఉంది. దానికి ఆ క్లయింట్ అవసరం లేదు, పిప్‌తో ఒక్క లైన్ కొడితే చాలు, దుబాసీ రెడీ.

కనెక్ట్ అవడానికి కావలసినవి నాలుగైదు: యూజర్ పేరు, పాస్‌వర్డ్, డేటాబేస్ ఉన్న మెషీన్ అడ్రసు, పోర్ట్ నంబర్, సర్వీస్ పేరు. పోర్ట్ మామూలుగా 1521. ఆ పోర్ట్ దగ్గర లిజనర్ అనే ప్రోగ్రాం కూర్చుని ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాగా. వచ్చినవాళ్ళని "ఎవరి ఫ్లాట్‌కి?" అని అడిగి పంపిస్తాడు. వాచ్‌మనే లేకపోతే వచ్చే ఎర్రర్ ఓరా-12541. వాచ్‌మన్ ఉన్నాడు గానీ "ఆ పేరుతో ఇక్కడెవరూ లేరండీ" అంటే ఓరా-12514. ఫ్లాట్ దొరికింది, తాళం చెవి సరిపోలేదంటే ఓరా-01017. ఈ మూడూ మూడు వేరే సమస్యలు. ఎర్రర్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేసేముందు ఆ నంబర్ చూస్తే చాలు, మనం గేటు దగ్గర ఆగామా, తలుపు దగ్గర ఆగామా తెలిసిపోతుంది.

లోపలికి వెళ్ళాక వరస ఎప్పుడూ ఒకటే. కనెక్షన్ తెరవాలి, కర్సర్ తీసుకోవాలి, ఎస్‌క్యూఎల్ నడిపించాలి, వరుసలు తెచ్చుకోవాలి, మార్పులు చేస్తే కమిట్ చెప్పాలి, చివర్లో మూసేయాలి. ఏ డేటాబేస్‌కైనా పైథాన్ డ్రైవర్లు ఇదే మర్యాద పాటించాలని పెప్ 249 అనే పత్రంలో రాసుకున్నారు. కమిట్ చెప్పకుండా కనెక్షన్ మూసేస్తే ఇన్సర్ట్ చేసినవన్నీ వెనక్కి పోతాయి. రిజిస్టర్లో పెన్సిల్‌తో రాసి రబ్బరుతో చెరిపేసినట్టు. కమిట్ అంటే ఇంకుతో రాయడం.

ఇంకో మర్యాద బైండ్ వేరియబుల్. యూజర్ టైప్ చేసిన పేరుని తెచ్చి ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకూడదు. వాక్యంలో కోలన్ పెట్టి ఒక ఖాళీ వదలాలి, విలువ విడిగా పంపాలి. చిన్నప్పుడు తెలుగు పరీక్షలో చేసిన "ఖాళీలను పూరింపుము" లాగే. దీనివల్ల రెండు లాభాలు. ఎవరైనా పేరు గడిలో ఎస్‌క్యూఎల్ ముక్క రాసి టేబుల్ కొట్టేయాలని చూసినా, ఒరాకిల్ దాన్ని ఒక పేరుగానే చూస్తుంది, ఆజ్ఞగా తీసుకోదు. రెండోది, వాక్యం మారదు కాబట్టి ఒకసారి అర్థం చేసుకున్నదాన్ని ఒరాకిల్ గుర్తు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. నాలుగు వందల పుస్తకాలకి నాలుగు వందల సార్లు మొదటి నుంచి చదవనక్కర్లేదు.

ఇంతవరకు ల్యాబ్ మాన్యువల్‌లో దొరికేదే. కనెక్షన్ వచ్చింది, టేబుల్ ఉంది. అసలు కథ తెలుగు అక్షరాలు లోపలికి వెళ్ళేటప్పుడు మొదలైంది.

కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుకే ప్రతి అక్షర చిహ్నానికీ ఒక నంబర్ ఇస్తారు. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి అలా ఇచ్చిన పట్టిక యూనికోడ్. దాని మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, అందులోనే తెలుగు ఉంది. పైథాన్ పుట్టిన సంవత్సరం కూడా అదే అని గమనించారా? ఆ నంబర్లని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఇంగ్లీషు అక్షరం ఒక్క బైట్. తెలుగుకి కేటాయించిన 128 స్థానాల్లో దేనికైనా మూడు బైట్లు.

ఇప్పుడు రాజు గారి లెక్క తీద్దాం. ర ఒకటి, దీర్ఘం ఒకటి, జ ఒకటి, కొమ్ము ఒకటి. నాలుగు చిహ్నాలు, మూడేసి బైట్లు, మొత్తం పన్నెండు. ఒరాకిల్‌లో కాలమ్ సైజు పది అని రాస్తే, వేరే ఏమీ చెప్పనప్పుడు అది పది అక్షరాలు కాదు, పది బైట్లు. కింగ్‌కి ఇంగ్లీషులో నాలుగు బైట్లు, సుఖంగా కూర్చున్నాడు. మన రాజు గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

ఇంకొంచెం పెద్ద పేరు చూద్దాం. రాజమహేంద్రవరం. ఇంగ్లీషులో రాస్తే 17 అక్షరాలు, 17 బైట్లు. తెలుగులో మన కంటికి ఏడు అక్షరాలు: రా, జ, మ, హేం, ద్ర, వ, రం. పైథాన్‌లో లెన్ అని అడిగితే 13 అంటుంది, ఎందుకంటే దీర్ఘం, సున్నా, ఒత్తు తెచ్చే పొల్లు అన్నీ విడివిడి చిహ్నాలే. యూటీఎఫ్-8లోకి మార్చి కొలిస్తే 39. ఒకే ఊరికి మూడు పొడవులు. మన క్లబ్బులో ఛందస్సు చెప్పే అక్కని అడిగితే నాలుగో కొలత చెప్పింది: భగణం, భగణం, చివర ఒక గురువు. అక్షరం అంటే ఏమిటో కంప్యూటర్ కన్నా ముందే మనవాళ్ళు ఎంత శ్రద్ధగా కొలిచారో నాకు ఆ రోజు అర్థమైంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం నాది. గురువు, లఘువు పరీక్ష కోసం బట్టీ పట్టిన గుర్తులు మాత్రమే. అవి కొలిచే పనిముట్లు అని ఒక డేటాబేస్ ఎర్రర్ వల్ల తెలిసింది.

దీనికి మందు చాలా చిన్నది. టేబుల్ చేసేటప్పుడు బ్రాకెట్లో అంకె పక్కన "చార్" అని ఒక్క మాట రాయాలి. 100 చార్ అంటే వంద బైట్లు కాదు, వంద చిహ్నాలు. ఒరాకిల్ 9ఐ నుంచీ ఈ సౌకర్యం ఉంది. అయితే దీనికీ ఒక హద్దుంది. మామూలు సెట్టింగులో వార్‌చార్2 కాలమ్ మొత్తం 4000 బైట్లు దాటదు, చార్ అని రాసినా సరే. అంటే తెలుగులో 1333 చిహ్నాలు. పుస్తకం పేరుకి బోలెడు, పుస్తక పరిచయానికి చాలదు. దానికి క్లాబ్ వాడాలి.

ఎర్రర్ రావడం నిజానికి మంచిదే. ఇంతకన్నా భయపెట్టేది ఎర్రర్ రాకపోవడం. డేటాబేస్ తయారు చేసేటప్పుడే దాని క్యారెక్టర్ సెట్ ఏదో నిర్ణయిస్తారు. 12.2 వెర్షన్ నుంచి మామూలుగా వచ్చేది ఏఎల్32యూటీఎఫ్8, దానికి తెలుగు వచ్చు. పాత డేటాబేస్‌లలో కొన్ని ఇంగ్లీషు అక్షరాలకి మాత్రమే, ఇంకొన్ని పశ్చిమ యూరప్ భాషలకి మాత్రమే సరిపోయేలా పెట్టుకున్నవి ఉంటాయి. అలాంటి దానిలో మామూలు కాలమ్‌లోకి తెలుగు పేరు పంపితే, తనకి తెలియని ప్రతి చిహ్నం చోటా ఒక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. కొన్నిట్లో తలకిందుల ప్రశ్నార్థకం. ఇన్సర్ట్ విజయవంతం అంటుంది, కమిట్ కూడా అవుతుంది. తర్వాత చూస్తే ప్రశ్నార్థకాల వరస. అది ఫాంట్ సమస్య అయితే ఫాంట్ మార్చితే పోతుంది. కానీ ఇక్కడ అసలు పేరే పోయింది, లోపల నిజంగానే ప్రశ్నార్థకాలున్నాయి. ఏ ప్రోగ్రామూ వాటిలోంచి పేరుని వెనక్కి తీయలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పేరులో "శ" ఉంది, దీర్ఘం ఉంది, ద్విత్వం ఉంది. తెలుగులో రాస్తే ఒకటే రాత. ఆవిడ సంతకం కూడా అదే, గుండ్రంగా, మెల్లగా. కానీ ఆవిడ దగ్గరున్న కార్డుల్లో ఆ పేరు ఇంగ్లీషులో మూడు రకాలుగా ఉంది. ఒకదానిలో ఎస్, ఇంకోదానిలో ఎస్‌హెచ్, మూడోదానిలో ఒక "ఇ" ఎక్కువ. ఒక ఆఫీసులో "పేర్లు మ్యాచ్ అవ్వట్లేదమ్మా" అన్నారు. ఆవిడకి రావలసిన డబ్బు మూడు నెలలు ఆగింది. నాన్న సెలవు పెట్టుకుని తిరిగి, ఈ ముగ్గురూ ఒక్కరే అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకొచ్చారు. నానమ్మకి అర్థం కానిది ఒకటే. "నా పేరు నేను చెప్తున్నా కదా, నేను ఎదురుగా ఉన్నా కదా?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. కౌంటర్ అవతల కూర్చున్నవాళ్ళు కూడా స్క్రీన్ మీద ఉన్నదే చదవగలరు మరి.

అక్కడ ప్రశ్నార్థకాలు పడలేదు నిజమే. కానీ జరిగింది అదే జాతి నష్టం. శ, స, ష మూడింటికీ తేడా ఉన్న పేరుని ఆ తేడా లేని అక్షరాల్లోకి మార్చారు. మార్చేటప్పుడు ఏదో ఒకటి ఊహించారు. మూడుసార్లు మార్చితే మూడు ఊహలు. వాట్సాప్‌లో మనం రోజూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం, అవతలివాళ్ళు మన ఫ్రెండ్స్ కాబట్టి అర్థం చేసుకుంటారు. డేటాబేస్ ఫ్రెండ్ కాదు. బైట్ బైట్ సరిపోతేనే సమానం అంటుంది.

అందుకే నా ప్రాజెక్టులో సభ్యుల టేబుల్‌లో పేరు కాలమ్ తెలుగుది, చార్‌తో. ఇంగ్లీషు స్పెల్లింగ్ పక్కన ఇంకో కాలమ్‌లో, ఐడీ కార్డులో ఉన్నది ఉన్నట్టు. ఒకదాన్నుంచి ఇంకోటి తయారు చేయడం లేదు, రెండూ మనిషిని అడిగి రాసుకునేవే. టెస్టింగ్ కోసం మొదటి వరుసలో నానమ్మ పేరు పెట్టాను. పంపింది, వెనక్కి తెచ్చుకున్నది ఒకటేనా అని పైథాన్‌ని అడిగాను. ట్రూ అంది. ఆ స్క్రీన్ ఫోటో తీసి నాన్నకి పంపాను. నాన్న ఏమీ రాయలేదు, నానమ్మకి చూపించి ఆవిడ నవ్వుతున్న ఫోటో తిరిగి పంపారు.

తెలుగులో పెట్టగానే కష్టాలన్నీ తీరిపోవు, అది కూడా చెప్పాలి. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక చిహ్నం పెడతాయి, అక్షరాలు కలిసిపోకుండా. మాట మధ్యలో అది కావాలి. మాట చివర ఉంటే మాత్రం చూడ్డానికి ఏ తేడా ఉండదు, కానీ ఒరాకిల్‌కి అవి రెండు వేరే మాటలు. వెతికితే దొరకదు. అందుకే లోపలికి వెళ్ళేముందే చివర ఉన్నదాన్ని తీసేసే రెండు లైన్లు పైథాన్‌లో రాశాను. వరుస క్రమం ఇంకోటి. యూనికోడ్‌లో "ళ" స్థానం "ల" తర్వాత, "వ" కన్నా ముందు. మనం బడిలో నేర్చుకున్న వర్ణమాలలో "ళ" వచ్చేది "హ" తర్వాత. కాబట్టి నంబర్ల ప్రకారం వరస పెడితే కల, కళ, కవి అని వస్తుంది. మనకి కావలసింది కల, కవి, కళ. దీనికోసం వర్ణమాల క్రమాన్ని విడిగా రాసుకుని, పైథాన్‌లో దాని ప్రకారం వరస పెట్టించాను.

కనెక్షన్ అంటే రెండు వైపులా వైరు పెట్టడం అనుకునేవాణ్ణి కలిస్తే ఇప్పుడు నేను చెప్పేది ఒకటే. వైరు సులువు. యూజర్ పేరు, పాస్‌వర్డ్, 1521, అయిపోయింది. కష్టమైనది ఒప్పందం. నేను పంపేది ఏ అక్షరాలో, నువ్వు ఎంత చోటు ఇస్తావో, తిరిగి ఇచ్చేటప్పుడు అదే ఇస్తావో లేదో ముందే మాట్లాడుకోవాలి. మాట్లాడుకోకపోతే ఒరాకిల్ తనకి అలవాటైన లెక్క వేసుకుంటుంది, అంటే బైట్ల లెక్క. ఆ లెక్క ఎవరి మీదా పగతో పెట్టింది కాదు. అలెన్, వార్డ్, కింగ్ లాంటి పేర్లున్న చోట అది ఎవరికీ అడ్డు రాలేదు, అంతే. అడ్డు వచ్చేది మనకి. కాబట్టి నోరు విప్పి అడగాల్సింది కూడా మనమే. రేపు మనలో సగం మంది ఉద్యోగాల్లో చేరి ఇలాంటి టేబుల్సే చేస్తాం. ఏదో ఒక ఆఫీసు కౌంటర్ ముందు ఎవరి నానమ్మో నిలబడి ఉంటుంది. ఆవిడ పేరుకి చోటు ఉందా లేదా అన్నది మనం రాసే ఆ ఒక్క మాట మీద ఆధారపడుతుంది.

ప్రాజెక్టు ప్రస్తుత పరిస్థితి: రిజిస్టర్లో 130 పుస్తకాలు తెలుగులో ఎక్కించాం, మిగతావి ఉన్నాయి. పాత ఎక్సెల్ నుంచి కాపీ చేయడం కుదరదు, ఒక్కో పుస్తకం చేత్తో పట్టుకుని అట్ట మీద ఉన్నది చూసి కొట్టాలి. తెలుగు టైపింగ్ రాకపోయినా పర్వాలేదు, రెండు రోజుల్లో వచ్చేస్తుంది. శనివారం ల్యాబ్ అయ్యాక క్లబ్బు రూమ్‌లో ఉంటాం. రండి.